అక్క కడుపులో బల్ల

భాద్రపదం, తొలి వాన

ఇవాళ మరో కడుపులో బల్ల చేతికి తగిలింది. ఈసారి మేకల గట్టయ్యకు.

నెల రోజులుగా సాయంత్రమైతే జ్వరం వస్తోందని, బువ్వ సయించడం లేదని వచ్చాడు. మంచం మీద పడుకోబెట్టి, ఎడమ పక్కటెముకల కింద వేళ్లు ఆనించాను.

"గట్టిగ ఊపిరి పీల్చు గట్టన్నా."

పీల్చాడు. లోపలి నుంచి గట్టి అంచు ఒకటి జారి వచ్చి నా వేళ్లను తాకింది. జనం బల్ల అనేది ప్లీహాన్నే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో అది పక్కటెముకల చాటునే ఉంటుంది. మామూలుగా ఎంత వెతికినా దొరకదు. దొరికిందంటే పెరిగిందని అర్థం. ఎందుకు పెరిగిందో మాత్రం చెయ్యి చెప్పదు.

"ఏమున్నది సారూ?"

"బల్ల పెరిగింది."

"మా నాయినకు సుత ఉండె. మలేరియా అన్నరు."

నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ ఆరో బాయిలో దోమ లేదు. ఎండలకు తాళలేక జనం కాపురాలతో ఈ పాత బొగ్గుబాయిలోకి దిగినప్పుడే పెద్దలు మడుగులన్నీ పూడ్చేశారు. అయినా గట్టయ్య వేలు పొడిచి, గాజు పలక మీద రక్తం చుక్క పరిచి మైక్రోస్కోపు కింద చూశాను. మలేరియా పురుగు లేదు. తెల్లకణాలు మాత్రం బాగా తక్కువ.

రక్తం చుక్క వేస్తే జబ్బు పేరు చెప్పే పెట్టె ఒకటి ఉండేది. అది పలకడం మానేసి చాలా రోజులైంది. మిగిలినవి ఈ మైక్రోస్కోపూ, నా చేతులూ.

పైన వాన పడుతోందని గాలి తోడే పంకాల కాడి వాళ్లు కేకేశారు. అందరూ బాయి మూతి దాకా పోయి తడిసి వచ్చారు. నేను పోలేదు.

ఆశ్వయుజం, బతుకమ్మ పేర్చిన వారం

ఒక్కొక్క వరుసా తిరిగి అందరి కడుపులూ చూస్తున్నాను. వెంట అక్క వస్తోంది. మా అక్క పేరు మధునమ్మ. బాయిలో అందరికీ మధునక్క. నాకంటే చాలా పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచిందీ, వైద్యం చదవడానికి మిట్టనగరం పంపిందీ ఆమే. గోడలకు మట్టి, పేడ కలిపి పూసే ఆడవాళ్ల జట్టు ఆమె కిందే పనిచేస్తుంది. ఆ పూత లేకపోతే బొగ్గుధూళికి ఇన్నాళ్లూ బతికేవాళ్లం కాదు. డాక్టరు మాట వినని వాళ్లు కూడా అక్క మాట వింటారు.

"అంగి లేపవయ్యా. నా తమ్ముడు నీ పేగులేం గుంజుకపోడు," అంటుంది. నవ్వుతూ పడుకుంటారు.

బల్ల పెరగడానికి దారులు చాలా ఉన్నాయి. టైఫాయిడ్‌లో పెరుగుతుంది. కానీ అది ఇన్ని నెలలు సాగదు, బల్ల ఇంత కాదు. సారా తాగి కాలేయం గట్టిపడ్డ వాళ్లకు నెత్తురు వెనక్కి తన్ని పెరుగుతుంది. ఇక్కడ పిల్లలకు కూడా ఉంది, వాళ్లేం సారా తాగారు? కొడవలికణాల జబ్బు, తలసీమియా కుటుంబాల వెంట వస్తాయి. ఇది అత్తకూ కోడలికీ ఒకేసారి వచ్చింది. క్షయ కూడా చూశాను. కఫంలో లేదు.

వెనకటి వరుసల్లో, మేకల దొడ్డికి దగ్గరగా ఉన్న ఇళ్లల్లో ఎక్కువగా దొరుకుతోంది.

సాయంత్రం అక్క రెండు ముద్దలు తిని పళ్లెం పక్కన పెట్టింది.

"ఏమైంది?"

"కడుపు నిండింది. ముసలితనం రా తమ్మీ."

కార్తీకం మొదట్లో

గట్టయ్య కూతురు శరణ్యకు ముక్కులోంచి నెత్తురు ఆగలేదు. పొట్ట ముందుకు పొడుచుకొచ్చింది, కాళ్లూ చేతులూ పుల్లలు. చామనఛాయ పిల్ల నల్లగా కమిలినట్టయింది. ఆ నలుపు చూసినప్పుడు చదువుకునే రోజుల్లో ఎప్పుడో విన్న పాఠం గుర్తొచ్చింది.

తుంటి ఎముకలో సూది దించి మూలుగ తీశాను. గట్టయ్య పిల్ల తలను ఒళ్లో పెట్టుకుని పట్టుకున్నాడు. "అయిపోయింది బిడ్డా, అయిపోయింది," అంటూనే ఉన్నాడు. మైక్రోస్కోపులో, పెద్ద కణాల కడుపుల్లో నువ్వుగింజల్లా చిన్న చిన్న చుక్కలు నిండి ఉన్నాయి.

కాలా ఆజార్. నల్లజ్వరం. మట్టి ఈగ కుడితే వస్తుంది.

అక్కను పిలిచి అడిగాను. "సందకాడ కాళ్లకు కుట్టే సన్న ఈగలున్నాయా? ఎగరలేక గెంతేవి?"

"లేకేం? గా దొడ్డి దిక్కు కూసోలేం. చప్పుడు సుత చెయ్యవు."

"అవి ఎక్కడ ఉంటాయో చూశావా?"

సమాధానం చెప్పబోయి ఆగింది. లేచి గోడ దగ్గరకు వెళ్లి, ఎండి పగిలిన పూతలోకి గోరు దూర్చి పెచ్చు ఒకటి ఊడదీసింది. చెమ్మగా ఉన్న ఆ సందులోంచి నాలుగైదు ఈగలు గెంతి నేల మీద పడ్డాయి.

పెచ్చును చేతిలో తిప్పి చూసింది. "నేను పూసిన గోడలేనా ఇవి?" అంది.

"ఈ పూతే లేకపోతే ధూళికి అందరం పోయేవాళ్లం అక్కా."

"నన్ను సముదాయించకు. ఎంత మేర గీకాలెనో చెప్పు."

రోజు మారకముందే జట్టును పిలిచి గడ్డపార పట్టింది. వెనకటి వరుసల పూతంతా ఊడగొట్టి, సున్నం కొట్టాలి. మేకలను బాయి మూతి దగ్గరికి తరలించాలి. ఎవరో సణిగితే, "నేను పూసిందే నేను గీకుతున్న. నీకేం నొప్పి?" అంది.

కార్తీకం, పౌర్ణమి దాటాక

మిట్టనగరానికి తంతి వైరు మీద అంతా తెలిపాను. జబ్బు పేరు, ఎంతమందికి ఉందో, ఏ మందు కావాలో దాచకుండా పంపాను. అక్కడ కొండమీద చల్లగా ఉంటుంది, మందులు తయారవుతాయి. చలికాలంలో దారి తెరిచి ఉన్నప్పుడు వాళ్ల బండ్లు మా దాకా వస్తాయి.

రెండు జవాబులు వచ్చాయి. మొదటిది, మందు పంపుతున్నారు. రెండోది కొత్త కట్టడి. ఇక మీదట మిట్టనగరం గేటు దగ్గర ప్రతి మనిషి కడుపూ నొక్కి చూస్తారట. బల్ల తగిలిన వాళ్లను లోపలికి రానివ్వరు.

భయపడ్డారు. వాళ్ల చోట ఉంటే నేనూ భయపడేవాణ్ణేమో. జబ్బు సంగతి చెప్పకపోతే మందు రాదు, చెప్పినందుకు గేటు మూసుకుంది. బాయి కమిటీలో కొందరు నా వైపు కోపంగా చూశారు. ఏం చెయ్యను?

మార్గశిరం మొదటి వారం

బండి రాకముందే శరణ్య చనిపోయింది.

నెత్తురు ఆగడానికి బట్టలు కుక్కుతూనే ఉన్నాను. గట్టయ్య ఏడవలేదు. ముక్కు దగ్గర ఎండిన నెత్తురును తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. చెవి వెనక కూడా తుడిచాడు. తర్వాత బాయి మూతి దాకా తనే ఎత్తుకుని నడిచాడు. ఎవరినీ ముట్టనివ్వలేదు.

మార్గశిరం ఆఖరు

మందు వచ్చింది. సరిపోయేంత కాదు. మళ్లీ ఇంకో బండి వస్తుందన్నారు. పిల్లలకు, బాలింతలకు ముందు ఎక్కించాలని అక్కే కమిటీలో పట్టుబట్టింది.

నిన్న ఆమె పడుకుని ఉండగా పట్టుబట్టి కడుపు చూశాను. నా అరచెయ్యి పట్టనంత బల్ల. బొడ్డు దాకా దిగింది.

"ఇన్నాళ్లు చెప్పలేదేం?"

"అందరికున్నదే గదరా నాకున్నది."

"జ్వరం?"

"చెమటలు పడుతయి. జ్వరమో ఏమో." ఎడమ భుజం కూడా గుంజుతోందట, గడ్డపార పట్టినందుకు అనుకుందట.

రక్తం తీస్తానంటే చెయ్యి వెనక్కి లాక్కుంది. "సూదులు తక్కువున్నయన్నవు. నాకు పరీక్షెందుకు? జబ్బు పేరు తెలిసిందేనాయె. రెండో బండి అచ్చినంక అందరితోటి నాకూ మందు ఎక్కియ్యి."

సరే అన్నాను. వెనకటి వరుసల్లో ప్రతి రోజూ ఉండి గోడలు గీకింది ఆమే. ఈగలు ఆమెను కుట్టకుండా వదులుతాయా?

పుష్యం

రెండో బండి వచ్చింది. అక్కకూ మందు ఎక్కించాను. ఎక్కినంతసేపూ పక్క మంచం మీది ముసలామెతో గోడకు సున్నం ఎన్ని పూతలు పడాలో వాదిస్తూనే ఉంది.

బాయి మారింది. జ్వరాలు వారంలోనే దిగిపోయాయి. పిల్లలు బువ్వ అడుగుతున్నారు. గట్టయ్య బల్ల పక్కటెముకల కింద నాలుగు వేళ్ల మేర నుంచి రెండు వేళ్లకు వచ్చింది. "ఇది నెల ముందొస్తే," అని ఆగిపోయాడు.

రోజూ కడుపులు నొక్కుతున్నాను. ఒక్కొక్కరిదీ మెత్తబడి, చిన్నదై, పక్కటెముకల చాటుకు పోతోంది.

అక్కది పోవడం లేదు.

పుష్యం, అమావాస్య ముందు

ఇవాళ అడగకుండానే అక్క వేలు పొడిచాను. తిట్టింది. పొడిచాను.

నల్లజ్వరం ఉన్న వాళ్ల రక్తంలో తెల్లకణాలు అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తాయి. వెతుక్కోవాలి. అక్క పలక మీద వెతకాల్సిన పనే లేకపోయింది. తిరునాళ్లలో జనంలా కిక్కిరిసి ఉన్నాయి. ముదిరినవి, లేతవి, సగం పెరిగినవి, మూలుగ దాటి బయటికి రాకూడనివి, అన్నీ. ఎర్రకణాలు సందుల్లో ఇరుక్కుని ఉన్నాయి.

పలక తీసి మళ్లీ పెట్టాను. ఎవరిదైనా కలిసిపోయిందేమోనని రెండోసారి చుక్క తీశాను. అదే.

ఇది ఈగ తెచ్చింది కాదు. రక్తపు కాన్సరు. నెమ్మదిగా సాగే రకం. అక్క మూలుగ ఎప్పటి నుంచో తెల్లకణాలను కుప్పలు పోస్తోంది. మోయలేక ప్లీహం ఉబ్బింది. బాయిలో అందరికీ ఒకే జబ్బు ఉన్న కాలంలో, ఆమెకు ఒక్కదానికే వేరే జబ్బు వచ్చింది. అందరి కడుపులూ ఒకేలా ఉన్నాయి కాబట్టి నా చేతికి తేడా తెలియలేదు.

మైక్రోస్కోపు దగ్గరికి ఆమెనే పిలిచి చూపించాను. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది.

"ఇవన్ని నావేనా?"

"నీవే."

"ఇంతమందిని ఎట్ల సాకుతున్ననురా నేను," అని నవ్వింది. నేను నవ్వలేదు. నా మొహం చూసి తనూ ఆపేసింది.

"మందున్నదా?"

"ఉంది. మాత్ర. రోజూ వేసుకుంటే బల్ల కరుగుతుంది, రక్తం మామూలవుతుంది. చాలా ఏళ్లు బతుకుతావు. వేసుకోకపోతే ఏదో ఒకరోజు ముదిరిపోతుంది. అప్పుడు ఏ మందూ పని చెయ్యదు."

"ఏడ దొరుకుతది?"

"మిట్టనగరంలో."

"ఆళ్లు బల్లున్నోళ్లను రానియ్యరంటివి గదా."

అవునన్నట్టు తలూపాను.

"గట్లయితె కోసి తీసెయ్యి," అంది. మామూలుగా, గోడ పెచ్చు తీసెయ్యమన్నట్టు. "బల్లే లేకపోతే ఆడు ఏం నొక్కి చూస్తడు?"

"చచ్చిపోతావు అక్కా. అంత పెద్దదాన్ని కొయ్యడానికి ఇక్కడ ఎక్కించే నెత్తురు లేదు, నాకు అలవాటు లేదు. తీసినా జబ్బు పోదు. అది మూలుగలో ఉంది."

"మరి ఎట్లంటవు?"

"పోయి అడుగుదాం."

మాఘం

మందు బండి తిరుగు ప్రయాణంలో మమ్మల్ని ఎక్కించుకుంది. అక్క పుట్టాక పైన ఇంత దూరం పోవడం ఇదే మొదటిసారి. ఎండిన చెరువులు, కప్పులు కూలిన ఊళ్లు చూస్తూ కూర్చుంది. కుదుపు వచ్చినప్పుడల్లా కడుపును రెండు చేతులతో పట్టుకునేది. అంత ఉబ్బిన ప్లీహం దెబ్బ తగిలితే పగులుతుంది. డ్రైవరును నెమ్మదిగా పోనిమ్మని బతిమాలుతూనే ఉన్నాను.

గేటు ముందు గుడారం, లోపల మంచం. చేతికి తొడుగులేసుకున్న మనిషి అక్క కడుపు మీద చెయ్యి వేసి, ఊపిరి పీల్చమని కూడా అనకుండానే వెనక్కి తీశాడు.

"బల్ల ఉంది. తిప్పి పంపండి."

"ఇది అంటుకునే జబ్బు కాదు. రక్తం పలక తెచ్చాను. మీ డాక్టరుకు చూపించండి. నేనూ ఇక్కడ చదివినవాణ్ణే," అన్నాను. గొంతు లేచింది. వెనక వరుసలో నిలబడ్డవాళ్లు దూరం జరిగారు.

గొడవ విని ఒకావిడ వచ్చింది. డాక్టర్ నసీమా. గేటు వైద్యశాల ఆవిడదేనట. పలక తీసుకుని లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పటికి ఆవిడ నడక నెమ్మదించింది.

"మీరు చెప్పింది నిజమే," అంది. "ఇది రక్తపు జబ్బే. ఎవరికీ అంటదు."

"అయితే లోపలికి రానివ్వండి."

"నా చేతుల్లో లేదు డాక్టర్. నగర సభ కట్టడి అది. బల్ల తగిలితే వద్దు, అంతే. ఏ జబ్బు వల్ల పెరిగిందని అందులో రాయలేదు. మార్చమని అడుగుతాను. వింటారనుకోను." అక్క వైపు తిరిగింది. "అమ్మా, ఒక పని చెయ్యగలను. గేటు బయట పాకలున్నాయి. అక్కడ ఉండండి. రోజూ నేను మాత్ర తెచ్చి ఇస్తాను, వారం వారం రక్తం చూస్తాను. బల్ల పూర్తిగా కరిగిన రోజు మిమ్మల్ని ఆపే కారణం ఉండదు."

"మాత్రలు మూటగట్టి ఇయ్యరాదా? మా తమ్ముడే చూసుకుంటడు."

"ఈ మాత్రలు ఉన్నవే తక్కువ, బయటికి పంపనివ్వరమ్మా. ఇక్కడ మా కళ్ల ముందే మింగాలి."

"లోపటికి వచ్చినంక మల్ల మా బాయికి పోవచ్చునా?"

"పోవచ్చు. కానీ జ్వరం ఉన్న బాయికి పోయినవాళ్లను తిరిగి రానివ్వరు."

"ఎన్నొద్దులు మింగాలె?"

నసీమా నా వైపు చూసి, అక్కతోనే చెప్పింది. "బతికినన్నాళ్లు."

అక్క చీర కొంగు సర్దుకుని మంచం దిగింది. పాకలు ఎటున్నాయని అడిగింది.

మాఘం, మర్నాడు

నేనూ పాకలోనే ఉంటానన్నాను.

"బాయిల ఎవరు చూస్తరు?" అంది అక్క.

"ఎవరో ఒకరు."

"ఎవరు? పేరు చెప్పు."

ఇంకా మందు ఎక్కాల్సిన వాళ్లున్నారు. జ్వరం తిరగబెట్టే వాళ్లుంటారు. బాయికి నేనొక్కణ్ణే డాక్టరును.

పాకల్లో గేటు దగ్గర ఆపేసిన వాళ్లు ఇంకొంతమంది ఉన్నారు. ఒకామె కడుపు చూశాను. కాలేయం చెడి పెరిగిన బల్ల. ఇంకో పిల్లవాడిది పుట్టుకతో వచ్చిన రక్తలోపం వల్ల. ఏదీ అంటుకునేది కాదు. అక్క అప్పటికే ఆ పిల్లవాడి తల్లితో మాటలు కలిపింది.

బండి కదిలేటప్పుడు నా చెంప మీద చెయ్యి వేసింది. పని చేసి చేసి గరుకెక్కిన చెయ్యి. "బువ్వ ఏళకు తిను. నేను లేనని ఎగ్గొట్టకు," అంది. నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను. ఆమె మాత్రం ఎక్కువసేపు నిలబడలేదు. కడుపు బరువుకు నిలబడలేకపోయింది.

ఫాల్గుణం

ఎండలు మొదలయ్యాయి. దారి మూసేశారు. ఇక మళ్లీ చలికాలం దాకా వైరే గతి. వారానికొకసారి నాలుగు మాటలు పంపనిస్తారు. అక్క చెబుతుంటే నసీమా పంపుతుందట.

"మాత్ర ఏసుకున్నంక వాంతికొస్తది. అయినా మింగుతున్న. చెమటలు తగ్గినయి. బల్ల బొడ్డు కాణ్ణుంచి పైకి జరిగిందట."

బాయిలో కొత్త జ్వరాలు రెండే. వెనకటి వరుసలన్నీ సున్నంతో తెల్లగా ఉన్నాయి.

చైత్రం

"మూడు వేళ్లు మిగిలిందన్నది డాక్టరమ్మ. బువ్వ కడుపు నిండ తింటున్న. పాకల ఎండకు ఇద్దరు పోయిన్రు. గా పిల్లగాని తల్లి ఒకతి. పిల్లగాడు నా తానే పండుకుంటున్నడు. కట్టడి మార్చుమని డాక్టరమ్మ రెండుసార్లు అడిగిందట. ఇనలేదట."

వేళ్లు తగ్గుతున్న కొద్దీ సంతోషంగానే ఉంది. కానీ ప్రతి వేలూ తగ్గినప్పుడు అక్క గేటుకు ఒక అడుగు దగ్గరవుతోంది. అంటే మాకు ఒక అడుగు దూరం. డాక్టరుగా కరగాలని కోరుకుంటున్నాను. తమ్ముడిగా ఏం కోరుకుంటున్నానో ఇక్కడ కూడా రాయలేను.

వైశాఖం

ఇవాళ వచ్చింది.

"బల్ల తగుల్తలేదు. తొడుగులోడు రెండుసార్లు నొక్కిండు, దొరకలే. రేపు లోపటికి పోతున్న. పిల్లగానిది కరగదట, వాన్ని ఇడిసి పోవుడు మనసొప్పుతలేదు. డాక్టరమ్మ చూసుకుంటనన్నది. పాకల ఎండకు బతకం, బాయికొస్తే మాత్ర రాదు. అందుకే పోతున్న తమ్మీ. తప్పుగ అనుకోకు."

నసీమా చివర తన మాట ఒకటి చేర్చింది. రక్తం పలక మామూలుగా ఉందని. తెల్లకణాలను వెతుక్కోవాల్సి వచ్చిందని.

కాగితం జేబులో పెట్టుకుని కడుపులు చూసే పనికి వెళ్లాను. గట్టయ్య ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు.

"అక్క సంగతేమన్న తెలిసిందా సారూ?"

"బల్ల కరిగింది గట్టన్నా. పూర్తిగా."

మొహం వెలిగింది. లేచి నిలబడ్డాడు. "అబ్బ! మంచి మాట చెప్పినవ్. మరెప్పుడొస్తదట?"

"రాదు. అక్కడే ఉండాలి. వస్తే మందు ఆగిపోతుంది, మందాగితే బతకదు."

నిలబడ్డవాడు మెల్లగా కూర్చున్నాడు. కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

"బతికైతె ఉన్నది గదా," అన్నాడు.

"ఉంది."

గట్టయ్య మంచం మీద పడుకుని అంగీ పైకి లేపాడు. ఊపిరి పీల్చమన్నాను. పక్కటెముకల కింద వేళ్లు ఆనించి వెతికాను. ఏమీ తగల్లేదు. అయినా వెంటనే చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. అతనూ తియ్యమనలేదు.